ఏడింటికి పడిపోయే నెట్టు

ఆఫీసులో నేను చేసే పనేంటయ్యా అంటే, నెమ్మదిగా నడిచేవి ఎందుకు నెమ్మదిగా నడుస్తున్నాయో కనిపెట్టడం. ఎక్కడో ఒక సర్వరు 200 మిల్లీసెకన్లలో ఇవ్వాల్సిన జవాబు 900లో ఇస్తుంటే, అర్ధరాత్రి లేచి కూర్చుని లాగులు చదువుతాను (లాగులంటే నిక్కర్లు కావు, సర్వరు తనకు తాను రాసుకునే చిట్టాలు). దీనికి నెలనెలా జీతం కూడా ఇస్తారు. అలాంటివాణ్ణి, మా నాన్న తెనాలి నుంచి ఫోను చేసి "నెట్టు స్లోగా ఉంటోందిరా" అంటే మూడు నెలలపాటు ఇచ్చిన సలహా ఒక్కటే. "రౌటరు ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి నాన్నా."

నా తరపున చెప్పుకోవాల్సింది ఒకటుంది. దీనికి ముందే ఒకసారి నాన్న నాకు తప్పుడు ఫిర్యాదు ఇచ్చి ఉన్నారు. 2025 జనవరిలో ఇంటికి ఫైబరు కనెక్షను పెట్టించాం, 50 ఎంబీపీఎస్ ప్లాను. పెట్టించిన వారానికే ఫోను. "వీడు 50 అని చెప్పి 6 ఇస్తున్నాడురా, ఇది మోసం కాదూ?" అని. నాకు నవ్వొచ్చింది. అమ్మేవాడు చెప్పే 50 మెగాబిట్లు. కంప్యూటరు డౌన్‌లోడ్ చేస్తూ చూపించే 6 మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 50ని ఎనిమిదితో భాగిస్తే ఆరుంపావు. దారిఖర్చులు పోను ఆరు చేతికొస్తే అది నిఖార్సయిన కనెక్షనే. ఇదంతా వివరిస్తే నాన్న శ్రద్ధగా విని, "మరి ఒకడు తులాల్లో చెప్పి ఇంకోడు గ్రాముల్లో తూచడమెందుకురా" అన్నారు. అదీ నిజమే. కానీ ఆ రోజు నా బుర్రలో ఒక ముద్ర పడిపోయింది. నాన్నకి నెట్టు గురించి తెలీదు, ఆయన స్లో అన్నారంటే అది స్లో కాదు, అని. ఆ తరవాత ఆయన ఏం చెప్పినా ఈ ముద్ర మీంచే వినేవాణ్ణి.

జులైలో మళ్ళీ మొదలుపెట్టారు. సాయంత్రమయితే నెట్టు పడిపోతోందని. అక్కావాళ్ళు డల్లాస్‌లో ఉంటారు. ఇక్కడ రాత్రి ఎనిమిదయితే అక్కడ ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిన్నర. అది శని, ఆదివారాలు మనవరాలితో వీడియోలో మాట్లాడే టైము. ఆ టైముకే బొమ్మ బిగుసుకుపోతోందిట. నేను రౌటరు మంత్రం వేసాను. పనిచెయ్యలేదు. అప్పుడు కొంచెం విసుగ్గానే అన్నాను, "ఊరికే స్లో స్లో అంటే ఎలా నాన్నా, ఎప్పుడు, ఎంత, డేటా కావాలి కదా" అని. ఆఫీసులో మాకు నచ్చని పనిని వెనక్కి పంపడానికి వాడే వాక్యం అది. అవతలివాడు డేటా తేడని ధీమా.

ఆ మాట ఎవరితో అన్నానో మర్చిపోయాను. మా నాన్న ముప్ఫైమూడేళ్ళు కరెంటాఫీసులో చేసారు. అందులో ఎక్కువ కాలం సబ్‌స్టేషన్లో షిఫ్టు ఆపరేటరు. గంట గంటకీ ప్రతి ఫీడరు మీదా వోల్టేజి ఎంత, ఆంపియర్లు ఎంత అని లాగ్‌షీటులో రాయడం ఆయన ఉద్యోగం. రాత్రి మూడింటికీ రాయాల్సిందే, పండగనాడూ రాయాల్సిందే. చిన్నప్పుడు నేను క్యారేజీ పట్టుకెళ్తే ఆయన తినబోతూ తినబోతూ గడియారం చూసి లేచి, మీటర్ల దగ్గరికెళ్ళి రాసొచ్చి మళ్ళీ కూర్చునేవారు.

సరే, నా మాటకి ఆయన సమాధానం చెప్పలేదు. ఫోను పెట్టేసారు.

జులైలోనే కంపెనీ కుర్రాడు ఒకసారి వచ్చి చూసాడు. వచ్చింది పొద్దున్న పదకొండింటికి. స్పీడు టెస్టు పెడితే 48. "తాతగారూ, ఫుల్లుగా వస్తోందండీ" అన్నాడు. నాన్న ఫోనులో నన్ను కలిపారు. ఆ కుర్రాడు నన్ను ఒక్క ప్రశ్నే అడిగాడు. "సార్, వైరు ఎవరన్నా కదిపారా?" అని. నేను లెక్చరు అందుకున్నా. వైరుతో సంబంధం లేదు తమ్ముడూ, వైరు పాడైతే రోజంతా పాడవ్వాలి కదా, సాయంత్రమే ఎందుకవుతుంది, మీవాళ్ళు ఒక్కో ఫైబరుని ముప్ఫైరెండిళ్ళకో అరవైనాలుగిళ్ళకో పంచుతారు, సాయంత్రం అందరూ సినిమాలు పెట్టుకునేసరికి గొట్టం సరిపోవట్లేదు, మీ పై వాళ్ళకి చెప్పు, అని. పాపం "సరే సార్" అని వెళ్ళిపోయాడు.

నేను చెప్పినదాంట్లో సాంకేతికంగా తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. మనిళ్ళకొచ్చే ఫైబరు చాలాచోట్ల జీపాన్ అనే పద్ధతిలో నడుస్తుంది. ఎక్స్ఛేంజిలో ఒక పెట్టె నుంచి ఒక గాజుతీగ బయల్దేరి, వీధిలో స్ప్లిటరు అనే చిన్న డబ్బాలో చీలి, ఇళ్ళకి వెళ్తుంది. కిందికి వచ్చేది మొత్తానికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి వెళ్ళేది 1.25. అదే అందరూ పంచుకోవాలి. సాయంత్రం రద్దీ అనేది నిజంగానే ఉంటుంది, చాలామంది ఇళ్ళల్లో సాయంత్రం నెమ్మదించడానికి కారణం అదే. మా ఇంట్లో కాదు, అంతే.

ఆగస్టు మొదట్లో మా మేనకోడలి కూచిపూడి అరంగేట్రం డల్లాస్‌లో జరిగింది. అమ్మానాన్నా వెళ్ళలేకపోయారు. వీడియో తీసినవాళ్ళు వాళ్ళ సొంత సర్వర్లో ఫైలు పెట్టి లంకె పంపారు. 6 గిగాబైట్లు, వారం రోజులు ఉంచి తీసేస్తామన్నారు. నాన్న నాకు ఫోను చేసి ఎలా దింపుకోవాలని అడిగారు. నేనేదో మీటింగులో ఉన్నా. "రాత్రి పడుకోబోయే ముందు పెట్టేసి పడుకోండి నాన్నా, రాత్రి ఎవరూ వాడరు, తెల్లారేసరికి దిగిపోతుంది" అని చెప్పా.

పెట్టారు. తెల్లారి చూస్తే మధ్యలో ఎక్కడో ఆగిపోయి ఉంది. ఆ సర్వరు పెట్టినవాళ్ళ పుణ్యమా అని ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలయ్యే సౌకర్యం లేదు, మళ్ళీ సున్నా నుంచే. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ అంతే. ఆ తరవాత ఎన్ని రాత్రులు పెట్టారో నాకు చెప్పలేదు. వారం అయిపోయింది, లంకె పోయింది.

అక్క ఫోను చేసి "చూసారా నాన్నా" అని అడిగితే "చూసానమ్మా, చాలా బాగా చేసింది" అన్నారట.

ఇది నాకు అక్క చెప్పింది, వేరే రూపంలో. "పిల్ల నాలుగేళ్ళు నేర్చుకుందిరా, నాన్న రెండు ముక్కల్లో తేల్చేసారు. ఏ పాట నచ్చిందంటే మాట మార్చేసారు. దానికి బాధేసింది" అంది. నేను అమ్మకి ఫోను చేసాను. అమ్మ కాసేపు నసిగి, "చూళ్ళేదురా, దిగలేదు. మళ్ళీ నిన్ను అడిగితే విసుక్కుంటావని..." అంది.

రాత్రి బస్సెక్కాను.

ఇది సెప్టెంబరు మాట. శుక్రవారం పొద్దున్నే ఇంట్లో దిగి, కాఫీ తాగి, లాప్‌టాప్ తీసి, ఇహ యుద్ధం మొదలు. ముందుగా వైఫై మీద పడ్డా. ఏ నెట్టు సమస్యకైనా వైఫైని అనుమానించడం తప్పు కాదు, పదిలో ఏడుసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని చానళ్ళు మూడే, 1, 6, 11. మా వీధిలో చూస్తే పధ్నాలుగు వైఫైలు ఆ మూడింటి మీదే కూర్చుని ఉన్నాయి. పైగా మైక్రోవేవు కూడా ఆ బ్యాండులోనే పనిచేస్తుంది. ఇవన్నీ చూసి తెగ ఉత్సాహపడిపోయి, చానలు మార్చి, 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి, రౌటరుని టీవీ పక్కనుంచి ఎత్తి పైన పెట్టి, మధ్యాహ్నం టెస్టు చేస్తే 49 వచ్చింది. "అయిపోయింది నాన్నా" అన్నాను. నాన్న "మధ్యాహ్నం ఎప్పుడూ బానే వస్తుందిరా" అన్నారు. ఏడింటికి మళ్ళీ 22.

అప్పుడు తీసుకొచ్చి ఇచ్చారు పుస్తకం.

రెండొందల పేజీల లాంగు నోటుబుక్కు. స్కేలు పెట్టి గీసిన గళ్ళు. తేదీ, టైము, డౌను, అప్పు, రిమార్కులు. నేను డేటా కావాలన్న మర్నాటి నుంచి మొదలు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గంటకొక రీడింగు, రెండు నెలలు. మధ్యలో కొన్ని రాత్రి రెండింటికీ, మూడింటికీ ఉన్నాయి. "బాత్రూముకి లేచినప్పుడు తీసాలే" అన్నారు. నేను ఆఫీసులో ఇంత శుభ్రమైన డేటా ఇప్పటిదాకా చూళ్ళేదు. ఒట్టు.

పుస్తకం చెప్పేది స్పష్టంగా ఉంది. సాయంత్రం ఆరింటికి 49. ఏడింటికి 22. ఎనిమిదింటికి 20. పదింటికి 24. రాత్రి రెండింటికి 21. పొద్దున ఆరింటికి మళ్ళీ 49. అప్‌లోడ్ మాత్రం రోజంతా 47, 48 దగ్గర కదలకుండా ఉంది.

నేను ఏడింటికి పడిపోవడం చూసి "చూసారా, రద్దీ" అన్నాను. అప్‌లోడ్ పడకపోవడం చూసి "జనం దింపుకునేదే ఎక్కువ, అందుకే డౌనే పడుతోంది" అన్నాను. నాన్న ఒక్క అంకె మీద వేలు పెట్టారు. రాత్రి రెండింటికి 21. "ఊరంతా నిద్రపోతుంటే లోడెవడిదిరా?" అన్నారు. సబ్‌స్టేషన్లో రాత్రి రెండింటికి ఫీడరు మీద లోడెంతుంటుందో ఆయనకి తెలుసు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తరవాత ఆయనే అడిగారు, "ముందసలు ఫాల్టు ఇంటి వైపా, స్తంభం వైపా తేల్చావా?" అని. ఇంట్లో కరెంటు పోయిందంటే లైనుమాను ముందు చూసేది అదే కదా, మీటరు దగ్గర సప్లై ఉందా లేదా. ఉంటే ఇంట్లో తప్పు, లేకపోతే బయట తప్పు. ఈ చిన్న పని నేను చెయ్యలేదు. పొద్దుట్నుంచీ వైఫై చానళ్ళతో చెలగాటం ఆడుతున్నాను.

లాప్‌టాప్‌ని వైరుతో నేరుగా పెట్టెకి కలిపాను. దాంతో వైఫై కథ ముగిసింది, వైరు మీద కూడా అదే 22. తరవాత పింగ్ పెట్టాను. పింగ్ అంటే చిన్న చీటీ పంపి, తిరుగు చీటీ ఎంతసేపట్లో వచ్చిందో చూడడం. ఇంట్లో పెట్టెకి వెయ్యి చీటీలు పంపితే వెయ్యీ వచ్చాయి. కంపెనీ వాళ్ళ మొదటి గేట్‌వేకి వెయ్యి పంపితే 31 రాలేదు. అంటే నూటికి మూడు దారిలో పోతున్నాయి. ఫాల్టు మా పెట్టెకీ, వాళ్ళ పెట్టెకీ మధ్యలో ఉంది.

ఈ నూటికి మూడు అనేది చూడ్డానికి చిన్నగానే ఉంటుంది. నూటికి మూడు పోతే స్పీడు కూడా నూటికి మూడే తగ్గాలి కదా అనిపిస్తుంది. అలా కాదు. మనం ఏ ఫైలు దింపుకున్నా దాన్ని మోసేది టీసీపీ. అది మహా భయస్థురాలు. ఒక్క చీటీ పోయిందంటే చాలు, దారిలో రద్దీ ఉందేమోనని వేగం బాగా తగ్గించేసి, మళ్ళీ మెల్లమెల్లగా పెంచుకుంటూ వస్తుంది. పెంచేదేమో తిరుగు చీటీ వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం. అంటే దూరం సర్వరయితే తిరుగు చీటీలు ఆలస్యం, కోలుకోవడమూ ఆలస్యం. 1997లో మాథిస్, మరి ముగ్గురు కలిసి దీనికొక సూత్రం రాసారు. వేగం అనేది వెళ్ళొచ్చే సమయానికీ, పోయే చీటీల శాతపు వర్గమూలానికీ విలోమంగా ఉంటుందని. ఇది స్థూలమైన లెక్కే, ఇప్పటి టీసీపీ రకాలు కొంత తేడాగా ప్రవర్తిస్తాయి, కానీ చెయ్యి తిరిగే అంచనా ఇస్తుంది.

మా ఇంటి అంకెలు అందులో వేసాను. స్పీడు టెస్టు సర్వరు హైదరాబాదులో ఉంది, వెళ్ళి రావడానికి 12 మిల్లీసెకన్లు. నూటికి మూడు పోతే ఒక్కో కనెక్షను మీద సుమారు 7 మెగాబిట్లు. స్పీడు టెస్టు ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరుస్తుంది కాబట్టి ఆ ఇరవై చిల్లర వస్తోంది. డల్లాస్ వెళ్ళి రావడానికి 240 మిల్లీసెకన్లు, ఇరవై రెట్లు. కనెక్షనేమో ఒక్కటే. అంటే ఒక మెగాబిట్‌లో మూడో వంతు. ఆ లెక్కన 6 గిగాబైట్లు దిగడానికి నలభై గంటలు చిల్లర పడుతుంది. అదీ మధ్యలో ఒక్కసారి కూడా తెగకపోతే.

నాన్న రాత్రి పెట్టి పొద్దున లేచి చూసేవారు.

నా సలహా మీద పెట్టిన ఆ రాత్రుల గురించి ఈ లెక్క వేసినప్పుడు నాకు కొంచెం కడుపులో తిప్పింది. ఆయన పొద్దున పదింటికి పెట్టి ఉంటే ఇరవై నిమిషాల్లో దిగేది.

ఇంకొకటి కూడా అప్పుడే కనపడింది, ముందే కనపడాల్సింది. చీటీలు రెండు రకాలుగా పోతాయి. రద్దీ వల్ల పోతే, పోయే ముందు క్యూలో నిలబడతాయి. అంచేత మిగిలిన చీటీలు కూడా ఆలస్యంగా వస్తాయి. 12 మిల్లీసెకన్లు కాస్తా 60, 100 అవుతుంది. మా ఇంట్లో పోనివన్నీ టంచనుగా 12కే వస్తున్నాయి. క్యూ లేదు, రద్దీ లేదు. దారి ఖాళీగానే ఉంది, దారిలో గుంట ఉంది. నేను కంపెనీ కుర్రాడికిచ్చిన లెక్చరంతా అక్కడితో పోయింది.

శనివారం సాయంత్రం. ఈసారి ఆరింటికే పింగ్ పెట్టి కూర్చున్నా, పక్కన నాన్న పుస్తకం పట్టుకుని. ఆరున్నర దాకా ఒక్కటీ పోలేదు. ఆరూ నలభై. అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. ఆరూ యాభైకి టపటపా పోవడం మొదలయ్యాయి. ఇది జరుగుతుంటే నేను తెర వైపు చూస్తున్నాను. నాన్న ఇంట్లోకి చూస్తున్నారు.

"మీ అమ్మ తలుపేసింది" అన్నారు.

నాకర్థం కాలేదు. నాన్న పుస్తకం వెనక్కి తిప్పి, 2025 ఆగస్టు 27 పేజీ తీసారు. వినాయక చవితి. ఆ ఒక్క రోజే సాయంత్రం ఏడింటికి 49, ఎనిమిదింటికి 49, తొమ్మిదింటికి 48. పదింటికి 21. "ఇదెందుకో నాకు అంతు పట్టలా. రెండు నెలల్లో ఇదొక్క సాయంత్రమే బావుంది. ఆ రోజు వీధిలో పందిరి, వచ్చేపోయే జనం, మనింటి తలుపు తీసే ఉంచాం" అన్నారు.

సంధ్య వేళ వీధి తలుపు తీసి ఉంచాలి, దీపం పెట్టాకే వెయ్యాలి. ఇది అమ్మ నియమం. దీపం పెట్టగానే దోమలొస్తాయని వేసేస్తుంది. మళ్ళీ తీసేది తెల్లారి ముగ్గు వెయ్యడానికి. ఆరున్నర, ఏడు మధ్యలో మూత, అయిదున్నరకి తెరుపు. పుస్తకంలో ఉన్న ప్రతి అంకే అదే చెప్తోంది.

లేచి వెళ్ళి తలుపు తీసాను. చీటీలు పోవడం ఆగింది. వేసాను, మొదలయింది. తీసాను, ఆగింది. అమ్మ వంటింట్లోంచి "ఏంట్రా ఆ తలుపుతో ఆటలు, దోమలొస్తాయి" అని కేక. తలుపు ఫ్రేముకీ, రెక్కకీ మధ్య, బందుల పక్కన సందులోంచి, సన్నటి నల్లటి ఫైబరు వైరు హాల్లోకొస్తోంది. తలుపు తీసి ఉంటే ఆ సందు వెడల్పవుతుంది. వేస్తే నొక్కుకుని, వైరు అక్కడ మోచెయ్యిలా మడతపడుతోంది.

ఆ వైరుని అక్కడ పెట్టింది నేను. జూన్‌లో వచ్చినప్పుడు. కంపెనీ వాళ్ళు పెట్టెని ముందు వరండాలో కిటికీ పక్కన బిగించారు. టీవీకి వైఫై సరిగ్గా అందట్లేదని, గోడకి చుట్టి పెట్టిన అదనపు వైరు విప్పి, పెట్టెని హాల్లోకి లాగింది నేనే. గోడకి కన్నం వేయించాలంటే మేస్త్రీని పిలవాలి, అంత ఓపికెక్కడ, తలుపు సందులోంచి తోసేసా. "చూసావా అమ్మా, పది నిమిషాల పని" అని కూడా అన్నట్టు గుర్తు.

గాజుతీగలో వెలుగు తీగ లోపలి గోడలకి తగిలి వెనక్కి మళ్ళుతూ ముందుకి పోతుంది. తీగని మరీ కురచగా వంచితే వంపు దగ్గర కొంత వెలుగు మళ్ళకుండా బయటికి కారిపోతుంది. తీగ విరగదు, పనిచేస్తూనే ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. ఇళ్ళలో వాడడానికని వంపు తట్టుకునే రకాలు వచ్చాయి, 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా తట్టుకునేవీ ఉన్నాయి. తలుపు సందులో మడతకి ఏదీ తట్టుకోదు. పెట్టె సెట్టింగుల పేజీలోకి వెళ్తే లోపలికొచ్చే వెలుగెంతో చూపిస్తుంది. తలుపు తీసి ఉంటే మైనస్ 22 డీబీఎమ్. వేస్తే మైనస్ 28. మూడు డెసిబెల్లు తగ్గితే సగం, ఆరు తగ్గితే పావు. మామూలుగా ఈ పెట్టెలకి మైనస్ 27 దాకా ఉంటే చదువుకోగలవు. అంటే మా పెట్టె రాత్రంతా గుడ్డిదీపం కింద పేపరు చదివినట్టు, నూటికి మూడు అక్షరాలు తప్పు చదువుతోంది. అప్పుడప్పుడు క్షణంపాటు అసలు ఏమీ కనపడక లైను తెగిపోతోంది. డౌన్‌లోడ్ ఆగిపోవడానికి అదే కారణం.

మరి అప్‌లోడ్ ఎందుకు పడలేదు? కిందికొచ్చే వెలుగు 1490 నానోమీటర్లు, పైకెళ్ళేది 1310. ఎక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగే వంపులో ఎక్కువ కారిపోతుంది. ఒకే మడత, ఒకదాన్ని కొరికింది, ఇంకోదాన్ని వదిలేసింది. నాన్న పుస్తకంలో మూడో గడీ, నాలుగో గడీ రెండు నెలలుగా ఈ సంగతే చెప్తున్నాయి. నాకు చదవడం రాలేదు.

నాన్నకి డెసిబెల్లు చెప్పక్కర్లేకుండానే అర్థమయింది. "టెయిల్ ఎండ్‌లో లో వోల్టేజి. మోటరు తిరగదు, మూలుగుతుంది" అన్నారు.

ఆదివారం అయినా సరే ఆ కుర్రాణ్ణి బతిమాలి పిలిపించాం. మేస్త్రీ అవసరం కూడా లేకపోయింది, డ్రిల్లింగు మిషను వాడి బండిలోనే ఉంది. కిటికీ కింద కన్నం వేసి, నలిగిన ముక్క కోసేసి, కొత్త కనెక్టరు వేసి, పవరు మీటరు పెట్టి చూపించాడు, మైనస్ 21. అంతా కలిపి ముప్పావు గంట. నేను పక్కనే నిలబడి, "తమ్ముడూ, ఆ రోజు నువ్వడిగావు, వైరు కదిపారా అని. నేనే కదిపాను" అన్నా. వాడు నవ్వి, "తెలుసు సార్. నేను బిగించిన చోట పెట్టె లేదు కదా" అన్నాడు.

"మరి చెప్పలేదే?"

"మీరు చెప్పనివ్వలేదు సార్" అన్నాడు. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే.

వాడు వెళ్ళాక నాన్నని అడిగాను. జులైలో ఫోను స్పీకరు మీద ఉంది, వాడు వైరు గురించి అడిగినప్పుడు మీరూ అక్కడే ఉన్నారు, వైరు నేను మార్చానని మీకు తెలుసు, మరి ఎందుకు చెప్పలేదని. నాన్న పుస్తకంలో ఆ రోజు రీడింగు రాసుకుంటూ, తలెత్తకుండా, "బయటివాడి ముందు నీది తప్పని ఎలా అంటాన్రా" అన్నారు.

అక్కకి నేనే ఫోను చేసి జరిగింది చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వీడియోవాళ్ళతో మాట్లాడి మళ్ళీ లంకె తెప్పించింది. ఆదివారం రాత్రి, నా బస్సుకి ఇంకా గంటన్నర ఉందనగా, తలుపేసి, గడియ పెట్టి, డౌన్‌లోడ్ నొక్కాము. నాన్న కళ్ళజోడు పెట్టుకుని ముందు కూర్చుని, నాలుగు నిమిషాలకోసారి శాతం రాసుకుంటున్నారు. పంతొమ్మిది నిమిషాలు పట్టింది.

మొదటి పాట అయ్యేదాకా ఉండి నేను బ్యాగు సర్దుకోడానికి లేచాను. టీవీ పక్కన పుస్తకం తెరిచే ఉంది. కొత్త పేజీ, కొత్తగా గీసిన గళ్ళు. తేదీ, టైము, డౌను, అప్పు, ఆ తరవాత రిమార్కులకి ముందు ఇంకో గడి చేరింది. పైన "తలుపు" అని రాసి ఉంది. కింద ఆ రాత్రి రీడింగు, 49.2, పక్కన ఆ గడిలో "మూసి ఉన్నది".